జ్యూరీ బల్ల మీద మనం

టాటానగర్ స్టేషనులో దిగి బిష్టుపూర్ వైపు వెళ్లిన తెలుగువాడికి పరాయి రాష్ట్రంలో ఉన్నామన్న బెరుకు ఎక్కువసేపు ఉండదు. అక్కడి ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం దగ్గర నిలబడితే చాలు, శ్రీకాకుళం యాస చెవిన పడుతుంది. 2019 శాసనసభ ఎన్నికలప్పుడు జంషెడ్‌పూర్ తూర్పు నియోజకవర్గం దేశమంతటి దృష్టినీ ఆకర్షించింది. ముఖ్యమంత్రి రఘువర్ దాస్ మీద ఆయన మంత్రివర్గ సహచరుడు సరయూ రాయ్ స్వతంత్రుడిగా పోటీకి దిగారు. ఆ పోరును చూడటానికి వెళ్లిన నాకు ఒక తెలుగు కుటుంబం భోజనం పెట్టింది. ఆ ఇంటి పెద్ద కర్మాగారంలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. వారి తాతగారు శ్రీకాకుళం ప్రాంతం నుంచి కూలికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. ముందుగదిలోని అలమరలో భాగవతం, రెండు మూడు జ్యోతిష గ్రంథాలు, అట్ట చిరిగిన ఒక 'ఏడు తరాలు' కనిపించాయి.

ఆ పుస్తకం గురించి అడిగినందుకు ఆయన ముఖం వెలిగింది. కుంటా కింటే పారిపోవడం, పట్టుబడటం, పాదం నరికించుకోవడం ఆయన చెబుతుంటే నిన్నో మొన్నో పక్క వీధిలో జరిగిన ఘోరంలాగా ఉంది. చెబుతూ చెబుతూ ఒకచోట ఆగి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత మాట ఎన్నికల మీదికి, ఆదివాసుల భూచట్టాల మీదికి మళ్లింది. 'ఈళ్ల కోసం ఎన్ని చట్టాలు జేసినా ఈళ్లు బాగుపడరు బాబూ. పొద్దోతే హండియా తాగి పడుకుంటారు. భూమి ఉంచుకోడం తెలీదు ఈళ్లకి' అన్నారాయన. మనిషి మంచివాడు. గొంతులో ద్వేషం లేదు, వానాకాలంలో వాన పడుతుందని చెప్పినట్టు చెప్పారు. నేను అన్నం కలుపుకుంటూ తల ఊపాను. ఆ ఇల్లు కట్టిన స్థలం పూర్వం ఎవరిదో అడగాలనిపించింది గాని అడగలేదు. పెట్టిన చేతిని ప్రశ్నించడం మర్యాద కాదనుకున్నాను. నాకు అప్పుడు లోపించినది మర్యాద కాదని తర్వాత అర్థమైంది.

ఈ వ్యాసం ఆయన్ను తప్పుపట్టడానికి కాదు. అలబామా, వర్జీనియాల నల్లవాళ్ల కోసం కరిగే మనసు తన వాకిట్లో ఇటుకలు మోసే హో స్త్రీ కోసం ఎందుకు కరగదన్న ప్రశ్న ఆ పూట మొదలైంది. అది ఆయన ఒక్కరికే వర్తించే ప్రశ్న కాదు.

అలెక్స్ హేలీ 'రూట్స్' 1976లో వచ్చింది. 1980ల తొలినాళ్లలో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దానిని సహవాసి చేత సంక్షిప్తంగా తెలుగు చేయించి 'ఏడు తరాలు'గా అచ్చువేసింది. అంతగా చేతులు మారిన అనువాద గ్రంథాలు తెలుగులో కొద్ది. ఊళ్లలో, కాలేజీ హాస్టళ్లలో, కార్మిక సంఘాల కార్యాలయాల్లో ఒక తరం దానిని చదివి ఏడ్చింది. ఆ కన్నీరు అబద్ధమని నేననను. అయితే ఆ సంవత్సరాలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారు 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. అంతకు ఎన్నో రెట్లని పౌరహక్కులవారు, స్థానికులు చెప్పారు. ఆ గోండులు అడిగింది తమ భూమి. అది ఎవరి చేతుల్లోకి పోయిందో జిల్లాలో తెలియనివారు లేరు. వలస వచ్చిన రైతులు, వడ్డీ వ్యాపారులు, కోమటి కొట్లు, పట్వారీలు, అంటే నవలలు కొని చదవగలిగిన వర్గాలకు చుట్టాలు. గాంబియా నుంచి ఎత్తుకుపోయిన బాలుడు మనకు కొడుకయ్యాడు. ఇంద్రవెల్లిలో పడిపోయినవాడు మాత్రం చాలాకాలం పాటు 'శాంతిభద్రతల సమస్య'గానే మిగిలాడు.

దూరం కన్నీటికి అనుకూలిస్తుంది. ఏడు సముద్రాల అవతలి అన్యాయంలో పాఠకుడు తనకు నచ్చిన చోట కూర్చోవచ్చు. సాధారణంగా రెండు చోట్లే ఎంచుకుంటాడు. ఒకటి బాధితుడి పక్కన, రెండోది బాధితుడి కోసం వాదించే న్యాయవాది పక్కన.

హార్పర్ లీ 1960లో రాసిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' ఆ రెండో కుర్చీని ప్రపంచమంతటికీ ప్రియమైనదిగా చేసింది. 1930ల అలబామాలో టామ్ రాబిన్‌సన్ అనే నల్లజాతి యువకుడి మీద శ్వేత యువతిపై అత్యాచారం చేశాడన్న అభియోగం. అతడి ఎడమచేయి పనికిరానిది. ఆమె మీది గాయాలు ఆ చేయి లేనివాడు చేయగలిగినవి కావని ఆటికస్ ఫించ్ నిండు న్యాయస్థానంలో నిరూపిస్తాడు. అయినా పన్నెండుగురు శ్వేతజాతీయుల జ్యూరీ అతడిని దోషి అంటుంది. తర్వాత టామ్ జైలు నుంచి పారిపోబోయి తుపాకి గుళ్లకు బలవుతాడు. ఈ నవల గురించి ఎవరిని అడిగినా, ఆటికస్ బయటికి నడుస్తుంటే పై వసారాలో ఉన్న నల్లజాతివారంతా లేచి నిలబడిన ఘట్టాన్నే చెబుతారు. అది గొప్ప ఘట్టమే. కాని ఆ గదిలో అందరికన్నా ఎక్కువగా ఆలోచించదగిన మనుషులు జ్యూరీ బల్ల మీది పన్నెండుగురు. వాళ్లు రాక్షసులు కారు. ఎండలో పొలం పనిచేసే రైతులు, అప్పులున్నవాళ్లు, ఆదివారం ప్రార్థనకు వెళ్లేవాళ్లు. సాక్ష్యాన్ని విన్నారు, అర్థం చేసుకున్నారు. కాని టామ్‌ను వదిలేస్తే తమ ఊరి లెక్క మొత్తం తిరగరాయవలసి వస్తుందని వారికి తెలుసు. నిర్ణయానికి కొన్ని గంటలు పట్టడానికి కారణం వాళ్లలో ఒకడు తొలుత విడుదలకే పట్టుబట్టడమని ఆటికస్ తర్వాత పిల్లలకు చెబుతాడు. అంతకు ముందు రాత్రి టామ్‌ను చంపడానికి వచ్చిన గుంపులోని కనింగ్‌హామ్ కుటుంబానికి చుట్టమే ఆ ఒక్కడు. నాకు ఆటికస్ కన్నా ఆ పేరులేని మనిషి ఎక్కువ అక్కరకొస్తాడు. చివరికి అతడూ లొంగిపోయాడు. లొంగేముందు ఎంతసేపు నిలబడ్డాడు, ఇంటికెళ్లి ఏమనుకున్నాడు అన్నది నవల చెప్పదు.

2015లో అదే రచయిత్రి పాత రాతప్రతి 'గో సెట్ ఎ వాచ్‌మన్' అచ్చయినప్పుడు అభిమానులు దిగ్భ్రాంతి చెందారు. అందులో వయసు మళ్లిన ఆటికస్ నల్లవాళ్లకు సమాన హక్కులను వ్యతిరేకించే శ్వేత పౌరుల సభలో కూర్చుంటాడు. తమ దేవుడిని ఎవరో మైల చేసినట్టు బాధపడినవారున్నారు. నాకు అందులో వింత కనిపించలేదు. ఒక నల్లవాడికి అన్యాయం జరిగితే చట్టప్రకారం వాదించడం వేరు. ఆ నల్లవాడు రేపు తన పక్క కుర్చీలో కూర్చుంటానంటే జరగడం వేరు. మొదటిది చేసిన చేత్తోనే రెండోదాన్ని అడ్డుకున్న పెద్దమనుషులు మన స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో మాత్రం తక్కువా?

ఇప్పుడు జంషెడ్‌పూర్‌కు వద్దాం. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడేనాటికి సుబర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం దగ్గర ఉన్నవి పల్లెలు. సాక్చి, సోనారి, జుగ్సలాయి, బేల్డీ అన్నవి ఆ ఊళ్ల పేర్లే. నేడవి ఆటోవాడికి చెప్పే చిరునామాలు. 1912లో మొదటి ఉక్కు కడ్డీ బయటికొచ్చింది. యుద్ధకాలంలో పట్టాలు సరఫరా చేసినందుకు కృతజ్ఞతగా 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్‌పూర్ అని, కాళీమాటి స్టేషనుకు టాటానగర్ అని పేరు పెట్టాడు. పెట్టుబడి భారతీయులది. పైస్థాయి సాంకేతిక నాయకత్వం అమెరికన్లది, ఆంగ్లేయులది. కొలిమి దగ్గర ఒకే పనికి తెల్లవాడికొక జీతం, నల్లవాడికొక జీతం. మాట కూడా తేడాయే. 1920, 1922, 1928 సమ్మెల వెనుక కూలి రేట్లతో పాటు ఈ అవమానం కూడా ఉంది. గాంధీజీ 1925లో ఇక్కడికి వచ్చారు. 1928 సమ్మెలో సుభాష్ చంద్రబోస్ స్వయంగా దిగారు. బెంగాలీ గుమాస్తా, పంజాబీ ఫిట్టరు, తెలుగు కూలీ, తమిళ మేస్త్రీ అందరూ జాత్యహంకారం అంటే ఏమిటో చర్మం మీద అనుభవించినవాళ్లే.

అయితే ఆ నిచ్చెనకు ఇంకొక మెట్టు కింద ఉంది. మట్టి తవ్వినవారు, ఇటుకలు మోసినవారు, బొగ్గు ఎత్తినవారు హో, సంతాల్, ముండా స్త్రీ పురుషులు. మగవాడు కూలీ, ఆడది 'రేజా'. రేజాకు ఉద్యోగమంటూ ఉండదు. పని ఉన్ననాడు పిలుపు, లేనినాడు లేదు. పైమెట్టు మీద తెల్ల ఫోర్‌మన్ చేత తిట్లు తిన్న మన తాత, సాయంత్రం కింది మెట్టు మీది రేజాను ఏమని పిలిచి ఉంటాడు? అంబేడ్కర్ మెట్లమెట్ల అసమానత అని చెప్పినది కులం గురించే. కాని దాని లోపలి యంత్రం ఇక్కడ కూడా అలాగే తిరుగుతుంది. పైన ఎంతమంది ఉన్నా కింద ఒకరు మిగిలితే చాలు, మధ్యవాడు మొత్తం నిచ్చెనను కాపాడతాడు.

ఆదివాసులు ఈ మధ్యవాడికి ఎప్పుడో పేరు పెట్టారు. ఆ పేరు 'దికూ'. పరాయివాడు, వచ్చి దోచుకునేవాడు అని అర్థం. జమీందారు, వడ్డీ వ్యాపారి, దళారి, పోలీసు అందరూ దికూలే. వాడి చర్మం తెలుపు కానక్కరలేదు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు తెలుగువాడు అందులో తానున్నానని అనుకోడు. తానూ పొట్ట చేతబట్టుకుని వచ్చినవాడే కదా అంటాడు. అదీ నిజమే. రెండు నిజాలూ ఒకే మనిషిలో ఉంటాయి. నవల అవసరమయ్యేది సరిగ్గా ఇక్కడే. ఎన్నికల ప్రసంగంలో ఒక మనిషి పట్ల ఒకే నిజం చెప్పగలం.

'ఏడు తరాలు' ఇచ్చిన సహవాసే మహాశ్వేతాదేవి 'అరణ్యేర్ అధికార్'ను 'ఎవరిదీ అడవి'గా తెలుగులోకి తెచ్చారు. బిర్సా ముండా జీవితం మీద కె. సురేశ్ సింగ్ చేసిన చరిత్ర పరిశోధన ఆధారంగా ఆమె రాసిన ఆ నవలకు 1979లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఒకే అనువాదకుడి చేతిమీదుగా వచ్చిన ఆ రెండు పుస్తకాల్లో మొదటిది ఇంటింటికీ చేరింది. రెండోది ఎక్కువగా ఉద్యమాలతో సంబంధమున్నవారి దగ్గర ఆగిపోయిందని నా అభిప్రాయం. నవలగా రెండోది తక్కువది కాదు, నన్నడిగితే ఎక్కువది. కాని మొదటిదానిలో దోషి తెల్లవాడు. రెండోదానిలో తెల్లవాడితో పాటు పంచెకట్టు షావుకారు కూడా దోషి.

అందులో విచారణ ఉంది. 1900 జనవరి 9న సైల్ రకబ్ కొండ మీద కాల్పులు జరిగాయి. ఫిబ్రవరి 3న జంషెడ్‌పూర్‌కు పడమరగా ఉన్న చక్రధర్‌పూర్ అడవుల్లో బిర్సా పట్టుబడ్డాడు. జూన్ 9న రాంచీ జైల్లో, తీర్పు రాకముందే, పాతికేళ్ల వయసులో చనిపోయాడు. కలరా అని రాశారు. సుమారు 350 మంది ముండాలను విచారించారు. ముగ్గురిని ఉరితీశారు, 44 మందిని యావజ్జీవ ద్వీపాంతరం పంపారు. వారి తరఫున వాదించడానికి కలకత్తా నుంచి జాకబ్ అనే బారిస్టరు వచ్చాడు. నల్లకోటు వేసుకుని నిస్సహాయుల పక్కన నిలబడిన ఈయన ఆటికస్‌లాగా కల్పిత పాత్ర కాదు, చరిత్రలో నిజంగా ఉన్న మనిషి. అయినా మహాశ్వేతాదేవి ఆయన్ను కథానాయకుణ్ణి చేయలేదు. ఆయన మంచితనాన్ని ఉన్నంతవరకు చూపించి పక్కన పెట్టింది. కథ బిర్సాది. గాటో అనే ముతక గింజల ఉడుకుడు తిని, అందులోకి చిటికెడు ఉప్పు దొరకడమే పండగగా భావించే మనుషులది. ఉప్పు లేని గంజి గురించి ఆమె రాసిన పుటలు చదివాక భూసంస్కరణల మీద వచ్చిన ఎన్నో నివేదికలు నాకు చప్పగా అనిపించాయి.

ఆ నవలలో నన్ను వదలని పాత్ర అమూల్య. జైలు ఉద్యోగి, బెంగాలీ, చదువుకున్నవాడు, చాయిబాసా బడిలో బిర్సాతో పాటు ఉన్నవాడు. స్నేహితుడు గొలుసుల్లో ఉంటాడు, తాళంచెవులు ఉన్న వ్యవస్థలో తాను జీతగాడు. బిర్సా చావును అధికారులు కాగితం మీద ఏ విధంగా కలరాగా మారుస్తున్నారో అతడు చూస్తాడు. తిరుగుబాటు చేయడు, గొలుసులు తెంచడు. చూసినదాన్ని మరచిపోకుండా ఉండటం, తెలిసినదాన్ని రాసిపెట్టడం, వీలైన చిన్న సాయం చేయడం అతడి చేతనైనవి. ఇది ధైర్యమేనా అని చాలాసార్లు అనుకున్నాను. పెద్ద ధైర్యం కాదు. కాని పత్రికా వృత్తిలో ముప్పయ్యేళ్లు గడిపినవాడిగా, ఎన్నో జైళ్లలో, ఎన్నో కార్యాలయాల్లో ఆ మాత్రం అమూల్య కూడా లేకపోవడం వల్ల ఎన్ని చావులు కలరా అయ్యాయో నాకు కొంత తెలుసు.

బిర్సా పోయిన ఎనిమిదేళ్లకు, 1908లో, చోటానాగపూర్ కౌలుదారీ చట్టం వచ్చింది. ఆదివాసుల భూమి ఆదివాసేతరులకు బదిలీ కాకుండా అది అడ్డుకట్ట వేసింది. తెలుగు నేలమీద 1970 నాటి ఒకటో నిబంధన చేసిన పనే అది. మా ఆతిథేయుడు బాగుపడరన్నది ఈ చట్టం గురించే. రెండు చోట్లా అడ్డుకట్ట ఉంది, రెండు చోట్లా గండ్లున్నాయి, గండి కొట్టినవాడి ఇంట్లో నవలలూ ఉన్నాయి.

జంషెడ్‌పూర్ నుంచి రైల్లో గంట లోపు దూరంలో ఘాట్‌శిల ఉంది. బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ అక్కడే ఇల్లు కొనుక్కుని, చనిపోయిన మొదటి భార్య పేరుతో దానికి గౌరీకుంజ్ అని పేరు పెట్టుకున్నారు. 1950 నవంబరులో ఆ ఊళ్లోనే కన్నుమూశారు. సత్యజిత్ రాయ్ సినిమా వల్ల ఆయన్ను 'పథేర్ పాంచాలి' రచయితగానే ఎరుగుదుం. నేను చెప్పదలచుకున్నది 1930ల చివర వచ్చిన 'ఆరణ్యక్' గురించి. సూరంపూడి సీతారాం దానిని 'వనవాసి' పేరుతో తెలుగు చేశారు. ఆ కథ సింహభూమ్‌లో జరగదు, ఉత్తరాన భాగల్పూర్, పూర్ణియా వైపు జరుగుతుంది. రచయిత అక్కడి ఎస్టేటులో స్వయంగా ఉద్యోగం చేశాడు.

కథకుడు సత్యచరణ్ కలకత్తా నిరుద్యోగి. అడవిని కొట్టించి, ముక్కలు చేసి, రైతులకు కౌలుకివ్వడం అతడి ఉద్యోగం. ఆ అడవితోనే అతడు ప్రేమలో పడతాడు. ప్రేమిస్తూనే కొట్టిస్తాడు. దోబ్రూ పన్నా అనే వృద్ధ సంతాల్ రాజును కలుస్తాడు. రాజ్యం లేదు, పశువులు కాసుకునే రాజు. ఆయన పూర్వీకుల సమాధుల మధ్య నిలబడినప్పుడు సత్యచరణ్‌కు, వేదాలూ పురాణాలూ తన పూర్వీకుల విజయాన్ని రాశాయి గాని ఈ ఓడిపోయినవారి చరిత్రను ఎవరూ రాయలేదన్న స్పృహ కలుగుతుంది. తాను గెలిచినవారి ప్రతినిధినన్న స్పృహ కూడా. రాజుగారి ముని మనవరాలు భానుమతిని, భారతవర్షం పేరు విన్నావా అని అడుగుతాడు. విననేలేదంటుంది. అది ఏ దిక్కున ఉందని ఎదురు అడుగుతుంది. ఆ ప్రశ్నను మొదటిసారి చదివినప్పుడు ముద్దుగా అనిపించింది. రెండోసారి చదివినప్పుడు దేశ రాజధానిలో ఇన్నేళ్లు వార్తలు రాసిన నా చేతిలో దానికి జవాబు లేదు. చివరికి సత్యచరణ్ తాను నాశనం చేసిన అడవి దేవతలను క్షమాపణ కోరి వెళ్లిపోతాడు. ఉద్యోగం మాత్రం పూర్తిచేసే వెళతాడు.

ఈ నవలకు విమర్శకులు ప్రకృతి వర్ణనల ముద్ర వేసి ఊరుకున్నారు. నాకది ఒక దికూ స్వయంగా ఇచ్చిన వాంగ్మూలంగా కనిపిస్తుంది. ఆటికస్ తన చేతులకు మట్టి అంటకుండా వాదించాడు. సత్యచరణ్ చేతినిండా మట్టి ఉంది, అతడు దానిని దాచలేదు. అమెరికా సాహిత్యంలో ఇతడికి చుట్టం ఎవరైనా ఉంటే అది మార్క్ ట్వేన్ హకిల్‌బెరీ ఫిన్. పారిపోయిన బానిస జిమ్‌ను పట్టివ్వకపోవడం పాపమని హక్‌కు చర్చి నేర్పింది, ఊరు నేర్పింది. అతడి అంతరాత్మ కూడా అదే చెబుతుంది. చివరికి నరకానికే పోతానని నిశ్చయించుకుని, యజమానురాలికి రాసిన ఉత్తరాన్ని చింపేస్తాడు. అంతరాత్మ చెప్పినట్టు నడుచుకోవాలని పిల్లలకు చెబుతుంటాం. ఆ అంతరాత్మను ఊరే తయారుచేసి ఉంటే? మా ఆతిథేయుడి మాటలో ద్వేషం లేకపోవడానికి కారణం అదే. అది ఆయన మాట కాదు, నగరం మాట.

1946 డిసెంబరు 19న రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి తాను జంగ్లీనని చెప్పుకున్నాడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో హాకీ జట్టుకు నాయకుడు, ఆక్స్‌ఫర్డ్ చదువరి. ఆ తిట్టును ఆయన తెలిసే నెత్తిన పెట్టుకున్నాడు. ఆదివాసులకు మీరు ప్రజాస్వామ్యం నేర్పలేరు, వారి దగ్గర నేర్చుకోవాలి అన్నాడు. తన జనుల చరిత్ర అంతా ఆదివాసేతరుల దోపిడీ చరిత్రేనని నెహ్రూ సమక్షంలో చెప్పాడు. తెల్లవాళ్లు వెళ్లిపోతున్నారని సంబరపడుతున్న సభలో అది వినడానికి ఇంపైన మాట కాదు.

ఏడాది గడిచింది. సరైకెలా, ఖర్సావా సంస్థానాలను ఒరిస్సాలో కలిపారు. కలయిక అమల్లోకి వచ్చిన రోజు 1948 జనవరి 1. గురువారం, ఖర్సావా సంత రోజు. ఒరిస్సా వద్దు, బీహారు వద్దు, మాకు మా ఝార్ఖండ్ కావాలంటూ వేలాది ఆదివాసులు సంత మైదానానికి వచ్చారు. జైపాల్ సింగ్ వస్తాడని ఎదురుచూశారు, ఆయన రాలేదు. ఒరిస్సా పోలీసులు తుపాకులు పేల్చారు. పత్రికలో వచ్చిన సంఖ్య 35. తర్వాతి జ్ఞాపకాల్లో అది వందలు, వేలు అయింది. శవాలను బావిలో పడేశారని అక్కడివారు నేటికీ చెబుతారు. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి అయిదు నెలలు కాలేదు. కాల్చినవారూ భారతీయులే, కాల్చమన్నవారూ భారతీయులే. ఆ ఏడాది మే నెలలో రెండు సంస్థానాలనూ బీహారుకు మార్చారు. చనిపోయినవారు కోరింది అదీ కాదు. జంషెడ్‌పూర్ నుంచి ఖర్సావా యాభై కిలోమీటర్ల లోపే. జలియన్‌వాలాబాగ్ గురించి మన పాఠ్యపుస్తకాల్లో చదవని తెలుగు పిల్లవాడు లేడు. ఖర్సావా గురించి చదివినవాడిని నేనింకా కలవలేదు.

ఇక ఆదివాసే కలం పట్టినప్పుడు ఏమైందో చూడాలి. ఘాట్‌శిల ప్రాంతం వాడైన హాంస్దా సౌవేంద్ర శేఖర్ సంతాల్, ప్రభుత్వ వైద్యుడు. 2015లో ఆయన కథల సంపుటి 'ది ఆదివాసీ విల్ నాట్ డాన్స్' వచ్చింది. పేరుగల కథలో మంగళ్ ముర్ము అనే ముసలి కళాకారుడు, తన జనం ఊళ్లు ఖాళీచేయించి కట్టే విద్యుత్ కర్మాగారపు ప్రారంభోత్సవంలో రాష్ట్రపతి ముందు నాట్యం చేయనంటాడు. అతడికి వకీలు లేడు, ఆటికస్ లేడు, జాకబ్ లేడు. తన మాట తానే చెప్పుకుంటాడు, దెబ్బలు తింటాడు. అదే పుస్తకంలోని మరొక కథ సంతాల్ స్త్రీలను కించపరిచిందన్న ఆరోపణతో 2017 ఆగస్టులో ఝార్ఖండ్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించి, రచయితను ఉద్యోగం నుంచి సస్పెండ్ చేసింది. నిషేధం కోరినవారిలో సంతాల్ మేధావులూ ఉన్నారు, ప్రతిపక్షమూ ఉంది. వారి అభ్యంతరాన్ని పూర్తిగా కొట్టిపారేయను. ఆ కథలో ఆకలిగొన్న పిల్ల శరీరాన్ని చూపిన తీరు నాకూ గరుకుగా తగిలింది. కాని కథ నచ్చకపోవడానికి, పుస్తకాన్ని పోలీసు చేత ఎత్తించడానికి నడుమ చాలా దూరముంది. అదే నెలలో అదే ప్రభుత్వం, గవర్నరు ద్రౌపదీ ముర్ము తిప్పి పంపిన భూచట్ట సవరణలను ఉపసంహరించుకోవలసి వచ్చింది. భూమి విషయంలో వెనక్కి తగ్గిన సర్కారుకు ఆదివాసుల గౌరవాన్ని కాపాడే తేలిక దారి ఒకటి దొరికిందని నేననుకున్నాను. నిషేధాన్ని డిసెంబరులో ఎత్తివేశారు.

నిషిద్ధ నవల విషయంలో తెలుగువాళ్లం గర్వంగా చెప్పుకునేది ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'. 1922లో వచ్చిన ఆ పుస్తకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. రాజాజీ మంత్రివర్గం 1937లో ఆ నిషేధాన్ని తొలగించింది. వందేళ్లుగా దాని మీద సభలు పెట్టుకుంటున్నాం. తప్పేమీ లేదు. కాని తెల్ల ప్రభుత్వం నిషేధించిన పుస్తకాన్ని పొగడటానికి నేడు ఎవరి అనుమతీ అక్కరలేదు. 2017లో హాంస్దాను సస్పెండ్ చేసినప్పుడు తెలుగు పత్రికల్లో ఎన్ని సంపాదకీయాలు వచ్చాయో వెతికినవారికి సమయం ఎక్కువ పట్టదు. నేనూ రాయలేదు. ఆ వారం ఢిల్లీలో వేరే వార్త పెద్దదిగా కనిపించింది.

మా ఆతిథేయుడి దగ్గర సెలవు తీసుకునే ముందు, 'ఎవరిదీ అడవి' చదివారా అని అడిగాను. చదవలేదన్నారు. ఎవరి గురించి అని అడిగారు. బిర్సా గురించి అన్నాను. 'ఇక్కడోడే కదా' అన్నారు కొంచెం ఆశ్చర్యంగా. ఊరికి తిరిగొచ్చాక ఒక ప్రతి కొని పంపాను. చేరిందని ఫోను చేశారు. చదివారో లేదో నేను మళ్లీ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఏటా జనవరి 1న జంషెడ్‌పూర్ వాసులు కుటుంబాలతో జూబిలీ పార్కుకో, డిమ్నా సరస్సుకో వనభోజనాలకు వెళతారు. అదే ఉదయం గ్రామాల నుంచి ఆదివాసులు నడిచీ, సైకిళ్ల మీదా, లారీల్లో నిలబడీ ఖర్సావా చేరతారు. స్మారకం దగ్గర నూనె పోసి, పూలు పెట్టి, 1948లో రాలినవారిని తలుచుకుంటారు. ఆ రోజున వారికి కొత్త సంవత్సర శుభాకాంక్షలు చెప్పకూడదని చెబుతారు.